వాకిటి వర్తకులును గృహిణి యధికారమును

పురుషులు ఉద్యోగములకును, పిల్లలు బడికిని వెడలిన పిదప, పగలు పదునొకండు గంటలు మొదలు మూడు గంటల వరకు మన వాకిట కాలింగు బెల్లు మ్రోగినచో, వచ్చినవారు బంధువులు కారని సోదరీమణు లందరు నెరుగుదురు. బంధువులైనచో ముందుగా ఫోను చేయుదురు. పోస్టుమాను కేకవేసి యుత్తరము పడవైచి పోవును. బెల్లు మ్రోగించి, రెండడుగులు వెనుకకు జరిగి, చిరునవ్వుతో నిలుచువారు వేరు. వారి భుజమున నొక సంచి యుండును. ఆ సంచిలో మన మింతవరకు లేకయే సుఖముగా నున్న వస్తువేదో యొకటి యుండును.

వారిని వలదని పంపుటకు మనకు గల హక్కెట్టిది, ఆ హక్కును మనమేల వాడుకొనజాలకున్నాము అను విషయమును గూర్చి యీ నెల వ్రాయదలచితిమి. ఇది పెద్ద విషయము కాదని కొందరనవచ్చును. గత సంవత్సరము శ్రావణమాసము వరకు మేమును అట్లే తలచితిమి.

ఆనాడు మంగళవారము. మావారు పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింతురు; సాయంకాలము అయిదు దాటినగాని యింటికి రారు. పండ్రెండున్నర గంటలకు మెడలో కార్డులు వ్రేలాడుచున్న యిద్దరు యువకులు వచ్చిరి. “నీళ్లు పరీక్ష చేస్తామమ్మగారూ, డబ్బులేమీ అక్కర్లేదు, ఈ వీధంతా చేస్తున్నాం,” అనిరి. మునిసిపాలిటీవారు పంపిరా యని యడిగితిమి. వారు అవుననలేదు, కాదనలేదు. “ఒక్క గ్లాసు నీళ్లు తెప్పించండి” అనిరి. గ్లాసు నీళ్లడిగినవారిని గడప బయట నిలుపుట మాకు చేతకాలేదు. లోనికి వచ్చి కూర్చుండిరి.

ఒక గ్లాసులో మా కుళాయి నీరు పోసిరి. మరియొక గ్లాసులో తాము తెచ్చిన సీసాలోని నీరు పోసిరి. రెండు లోహపు కడ్డీలు గల యొక పరికరమును రెండింటను ముంచి విద్యుత్తు పెట్టిరి. వారి నీరు తేటగా నుండెను. మా నీరు చూచుచుండగనే పసుపుపచ్చనై, పిదప తుప్పురంగై, అడుగున బురదవంటి మడ్డి దిగెను. “ఇదేనమ్మా మీరు పిల్లలకు తాగిస్తున్నది,” అని వారిలో పెద్దవాడు మెల్లగా ననెను. ఆ మాటతో మా వివేకము సగము పోయినది. పిమ్మట మరియొక చిన్న యంత్రమును ముంచి, 380 అను నంకెను జూపి, తల యడ్డముగా నూపెను. ఆ యంకె మంచిదో చెడ్డదో మాకు తెలియదు. అతడు తల యూపిన తీరు మాత్రము తెలిసినది.

ఆ యిద్దరును రెండు గంటలు కూర్చుండిరి. మేము మూడు మారులు “ఆలోచించి చెప్పెదము” అంటిమి. ఆలోచించుట కేమున్నదని మూడు మారులును వారే బదులు చెప్పిరి. యంత్రము వెల 18,500 రూపాయలు; నేడే యైనచో 6,000 చెల్లించి తక్కినది వాయిదాలు. మా అత్తగారి కంటి శుక్లమునకు శస్త్రచికిత్స చేయించుటకై బీరువాలో దాచిన సొమ్ము సరిగా ఆరువేలే యుండినది. ఆ సొమ్ము తెచ్చి యిచ్చితిమి. వారు వ్రాసి యిచ్చిన చీటీలో యంకె యున్నది, చిరునామా లేదు.

సొమ్ముకంటె పెద్ద సంగతి యింకొకటి జరిగినది. మా అత్తగారు మధుమేహరోగి. ఉదయము మాత్ర వేసికొన్న పిదప ఒంటిగంటకు తప్పక భుజింపవలెను. ముందుగదిలో పరపురుషులు కూర్చుండగా దాటి వంటయింటికి పోవుటకు ఆమె కిష్టము లేకపోయెను. మమ్ము బిలిచి వారి యెదుట నన్నమడుగుటకు సిగ్గుపడెను. రెండున్నరకు వారు వెడలిన తరువాత లోనికి పోయి చూతుము గదా, ఆమె చెమటతో తడిసి, చేతులు వణకుచు, మాట తడబడుచు మంచముపై నొరిగి యుండెను. పంచదార నీరు త్రాగించితిమి. పావుగంటకు తెప్పరిల్లినది. “వాళ్లు వెళ్లారా అమ్మాయీ?” అని మొదట నడిగినది. ఇంటి యజమానురాలు తన యింట దాగికొని, వచ్చినవారు పోవుదురా యని కనిపెట్టుకొని యుండెను; ఆమెకు నడ్డుగా వారిని కూర్చుండబెట్టినవారము మేము.

సాయంకాలము మావారు వచ్చి సంగతి విని కోపపడలేదు. వారి సీసాలో మిగిలిన “శుద్ధజలము” గ్లాసులో పోసి, చిటికెడు ఉప్పు కలిపి, రెండు ఇనుప మేకులను పిల్లల ఆటబొమ్మలోని తొమ్మిది వోల్టుల బ్యాటరీకి తీగలతో గలిపి ఆ నీటిలో నిలిపిరి. కొంతసేపటికి ఆ శుద్ధజలమును తుప్పురంగు మడ్డియై కూర్చుండెను! ఆ మడ్డి నీటిలోనిది కాదు, ఇనుప కడ్డీలోనిది. నీటిలో లవణము లున్నచో విద్యుత్తు ప్రవహించును. ప్రవహించినచో ఇనుము కరిగి తుప్పగును. లవణములన్నియు తీసివేసిన నీటిలో విద్యుత్తు మిక్కిలి స్వల్పముగ ప్రవహించును గనుక ఏమియు జరుగదు. ఇక 380 సంగతి. త్రాగునీటిలో కరిగియున్న లవణాదులు లీటరునకు 500 మిల్లీగ్రాముల వరకు అంగీకారయోగ్యములని భారతీయ ప్రమాణముల సంస్థవారి 10500వ సంఖ్య గల ప్రమాణము చెప్పుచున్నది. వేరు నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతించుచున్నది. నీటి యందలి సూక్ష్మక్రిములను గూర్చి ఆ చిన్న యంత్రము అసలేమియు చెప్పదు. ఈ మాట సోదరీమణు లందరు గుర్తుంచుకొందురుగాక. ఆ కడ్డీల పరికర మింకను వీధులలో తిరుగుచునే యున్నది.

మోసపోవుట యెవరికైనను గలదు. మమ్ము బాధించిన ప్రశ్న వేరు. పండ్రెండున్నరకే “వలదు, వెళ్లిరండు” అని మేమేల యనలేకపోతిమి? వారు కత్తి చూపలేదు, కేకలు వేయలేదు. తలుపు మాది. నోరు మాది.

ఇంటికి వచ్చినవానిని పొమ్మనరాదని చిన్ననాటినుండి మనకు నేర్పిరి. తిథి నిర్ణయము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలు చెప్పుదురు. తిథి చెప్పక వచ్చుట యను నొక్క గుణములో మాత్రమే వాకిటి వర్తకుడు అతిథిని పోలియున్నాడు. అతిథి ఆకలితో వచ్చును. మన సొమ్ము కొరకు రాడు. ఒక్క రాత్రి యుండువాడే అతిథి యని మనుధర్మశాస్త్రము హద్దు పెట్టినది. గృహస్థుడు భోజనమునకు ముందు ముంగిట నిలిచి ఆవును పితుకునంత కాలము అతిథి కొరకు ఎదురు చూడవలెనని విష్ణుపురాణమున నున్నది. శుకమహర్షి గృహస్థుల యిండ్లలో ఆవును పితుకునంత కాలము మించి నిలువడని భాగవతమున వినుచున్నాము. చూచితిరా, ఇంటివాడు వేచియుండుటకును అదే కొలత, వచ్చినవాడు నిలుచుటకును అదే కొలత! మా యింట నా యువకులు కూర్చుండిన రెండు గంటలలో ఒక మందనంతయు పితుకవచ్చును.

మన పల్లెలలో ధనుర్మాసమున వచ్చు హరిదాసును, సంక్రాంతికి వచ్చు గంగిరెద్దువానిని చూడుడు. వారు గడప దాటరు. ముంగిట నిలిచి పాడుదురు, బియ్యము పోసినచో దీవింతురు, పోయనిచో ముందింటికి సాగుదురు. ఇచ్చువారి హద్దు గడపయని వారికి తెలియును. ఆ మర్యాద తెలియనివారు ఇప్పుడు మెడలో కార్డు వేసికొని వచ్చుచున్నారు.

ఈ సందర్భమున పంచవటిలోని జానకీదేవి మాకు జ్ఞప్తికి వచ్చినది. లక్ష్మణుడు గీత గీసెననియు, ఆమె దాటెననియు లోకమున చెప్పుకొందురు. వాల్మీకి రామాయణమున నా గీత లేదు. అందున్నది వేరొకటి. రావణుడు కాషాయవస్త్రము, గొడుగు, కమండలువులతో సన్న్యాసివలె వచ్చి యడిగినప్పుడు, ఇతడు బ్రాహ్మణుడు, అతిథి, బదులు చెప్పనిచో శపించునేమో యని యామె భయపడినది. ఆసనము, కాళ్లకు నీళ్లు, భోజనము అర్పించి, అడిగినదాని కెల్ల బదులు చెప్పినది. ఎదుటివాడు నొచ్చుకొనునేమో యను నా భయమే నేటికిని మన తలుపులు తెరచుచున్నది. శాపమునకు బదులు నేడు “ఇంతసేపు చెప్పించుకొని కొనరా?” అను చూపు మాత్రమే. ఆ చూపునకే మేము ఆరువేలు చెల్లించితిమి.

చట్ట మేమనుచున్నదో తెలిసికొనవలెనని మావారి మిత్రులగు నొక న్యాయవాదిగారి నడిగితిమి. వారు చెప్పినది మాకు తెలిసినంత సులభముగా వ్రాయుచున్నాము.

వాకిటికి వచ్చి బెల్లు మ్రోగించుట నేరము కాదు. వీధి వాకిలి యున్నంతవరకు పిలిచి చూచుటకు లోకమున కనుమతి యున్నట్లే. అయితే ఆ యనుమతి ఇంటివారి నోటనున్నది. “వద్దు” అన్న క్షణమున ముగియును. ఎవరైనను మన యధీనమందలి చోటికి న్యాయముగానే వచ్చినను, పిదప మనలను బెదరించుటకో, అవమానించుటకో, వేధించుటకో అక్రమముగా అందు నిలిచియున్నచో అది నేరమగును. 1860 నాటి శిక్షాస్మృతిలో 441, 442, 448 సెక్షనులలో నున్న యీ విషయము, 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 329వ సెక్షనుగా నున్నది. నివాసగృహమున నిట్లు చేసినవారికి ఒక సంవత్సరము వరకు ఖైదుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

అందు రెండు సంగతులు మాకు మిక్కిలి నచ్చినవి. శరీరములో నేభాగము లోనికి పెట్టినను ప్రవేశించినట్లే యని ఆ సెక్షను వివరణ చెప్పుచున్నది. తలుపు మూయకుండ సందున పాదము పెట్టి మాటలాడువారు ఈ వాక్యమును చదువుకొనవలెను. రెండవది, చట్టము స్వంతదారును గూర్చి గాక స్వాధీనమందున్నవారిని గూర్చి మాటలాడును. ఇల్లు అద్దెదైనను, ఒకే గదియైనను, అందు కాపురమున్నవారికి ఈ రక్షణ కలదు. మేమును అద్దె యింటివారమే.

సభ్యులను చేర్చుకొని, వారి ద్వారా సరకులమ్ము సంస్థలకు వేరుగా 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వమువారు నిబంధనలు చేసిరి. వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ననుసరించి చేసినవి యవి. అట్టి విక్రేత గుర్తింపు కార్డు లేకయు, ముందుగా సమయమో సమ్మతియో పొందకయు వినియోగదారుని యింటికి పోరాదు. మాట మొదలుపెట్టగనే, అడుగకముందే, తానెవరో, ఏ సంస్థవాడో, ఆ సంస్థ చిరునామా యేదో, ఏమి అమ్మవచ్చెనో స్పష్టముగా చెప్పవలెను. “నీళ్లు పరీక్ష చేస్తాము” అనుట యీ లెక్కకు రాదు.

బిల్లు ఇయ్యకుండుటయు, లోపము గల వస్తువును వాపసు తీసికొననని మొండికెత్తుటయు అదే చట్టములో అన్యాయవ్యాపారముగా పేర్కొనబడినవి. బిల్లులో గడువు వ్రాసి యున్నచో ఆ గడువు, లేనిచో ముప్పది దినములు. బీమా పాలసీలకు మరింత మేలైన యేర్పాటు గలదు. పత్రము చేతికందిన నాటినుండి ముప్పది దినములలో దానిని తిప్పి పంపవచ్చును. కొలదిపాటి తగ్గింపులు పోగా సొమ్ము వచ్చును. ఇంటికి వచ్చి సోఫాలో కూర్చుండి పాలసీ వ్రాయించు బంధువర్గము మన కందరకు గలదు గనుక ఇది చెప్పుచున్నాము.

మా చిన్నాన్నగారి కుమార్తె అమెరికాలో నున్నది. ఆమె యింటి తలుపు ఛాయాచిత్రమున “నో సొలిసిటింగ్” అను పలక చూచి మేము చాల ఆశ్చర్యపడితిమి. మన వైపు సొలిసిటరన్నచో న్యాయవాది గదా, న్యాయవాదులతో నీ పిల్లకేమి వైరమని యడిగితిమి. అచ్చట ఇల్లిల్లు తిరిగి అమ్మువారిని, చందా లడుగువారిని ఆ పేర పిలుతురట. ఆ పలక వెనుక నొక కథ యున్నది.

వయోమింగు రాష్ట్రములో గ్రీన్ రివర్ అను చిన్న రైల్వే పట్టణము గలదు. రాత్రులు పనిచేసి పగలు నిదురించు రైల్వే కార్మికులకు బెల్లుల బాధ హెచ్చగా, పిలువనిదే అమ్మకందారులు ఇండ్లకు పోరాదని 1931లో ఆ పట్టణమువారు శాసనము చేసిరి. బ్రష్షులమ్ము నొక పెద్ద కంపెనీ దావా వేసి 1933లో ఓడిపోయినది. ఇట్టి శాసనమునే లూయిసియానాలోని అలెగ్జాండ్రియా పట్టణమువారు చేయగా, 1951లో అచ్చటి సుప్రీంకోర్టు దానిని నిలిపెను. ఆనాడు పట్టుబడినవాడు ఇల్లిల్లు తిరిగి చేర్పించినది పత్రికల చందాదారులను! సంపాదకులు మమ్ము క్షమింతురుగాక.

మాకు మరింత నచ్చినది ఓహైయోలోని స్ట్రథర్స్ పట్టణపు వ్యాజ్యము. అదియు ఉక్కు కార్మికుల యూరు, రాత్రి పనివారి యూరు. కరపత్రములు పంచుటకై యెవరును తలుపు తట్టరాదని యచ్చట శాసనము. మార్టిన్ అను నొకామె మతసమావేశమున కాహ్వానపత్రములు పంచుచు తలుపులు తట్టగా 10 డాలర్లు జరిమానా వేసిరి. 1943లో సుప్రీంకోర్టు, అయిదుగురు నలుగురుగా చీలి, ఆ శాసనమును కొట్టివేసినది. తలుపు తట్టినవాని మాట వినుటయా మానుటయా యను నిర్ణయము ఇంటివారిది గాని పట్టణసభది కాదని ఆ తీర్పు సారము. ఇంటివారు వలదని ముందే తెలిపిన తలుపును తట్టువారిని మాత్రము శిక్షింపవచ్చుననియు న్యాయమూర్తులు సూచించిరి. అందుచేతనే ఆ పలక.

ఇంటియొద్ద జరిగిన అమ్మకమును గూర్చి మరియొక నియమము కూడ ఆ దేశమున 1974 నుండి అమలునందున్నది. ఇరువదియైదు డాలర్లకు తక్కువగాని కొనుగోలును మూడవ పనిదినపు అర్ధరాత్రి లోపల, కారణము చెప్పకయే, రద్దు చేసికొనవచ్చును. ముందుగదిలో కూర్చున్నవాని యెదుట బుద్ధి సరిగా పనిచేయదని, అతడు వెడలిన పిదపనే పనిచేయునని చట్టము చేసినవారు గ్రహించిరి కాబోలు. మాకు ఆ సాయంకాలము అయిదు గంటలకే బుద్ధి వచ్చినది.

వాకిట నిలుచువారిలో అప్పులవారి సంగతి వేరు. అచ్చట మన సంతకమున్నది. అయినను ఇంటి మర్యాద అచ్చటను పోదు. స్త్రీల సంఘములకు సూక్ష్మఋణము లిచ్చి, వాయిదాల కొరకు ఇండ్లముందు కూర్చుండి అల్లరిచేయుట మన ఆంధ్రదేశమున నెంత దుఃఖమునకు దారితీసెనో 2010వ సంవత్సరము చూచినవారు మరువరు. ఆ అక్టోబరులో ప్రభుత్వమువారు ఆర్డినెన్సు తెచ్చి, వాయిదాలు గ్రామపంచాయతీ కార్యాలయముననో, నిర్ణయించిన బహిరంగస్థలముననో చెల్లింపవలెనని విధించిరి. 2022 నాటి రిజర్వుబ్యాంకు ఆదేశము ప్రకారము సూక్ష్మఋణములకు ఇరువురును ఒప్పుకొన్న చోటనే వసూలు జరుగవలెను. రెండు మారులు వరుసగా ఋణగ్రహీత అచ్చటికి రానిచో మాత్రమే ఇంటికి పోవచ్చును. అప్పున్నవారి గడపకే ఇంత హద్దున్నప్పుడు, అప్పులేని మనము వంటయింట దాగవలసిన పని యేమి?

అందరను పంపివేయరాదు. జనాభా లెక్కల యుద్యోగి అమ్మవచ్చినవాడు కాడు. 1948 నాటి చట్టము ప్రకారము వారి ప్రశ్నలకు తెలిసినంతవరకు బదులు చెప్పుట మన విధి. ఆ చట్టములోనే యొక చక్కని మినహాయింపు గలదు. ఆచారముచేత ఉచ్చరింపరాని భర్త పేరును స్త్రీ చెప్పనక్కరలేదు! చట్టము వ్రాసినవారిలో నెవరికో మా అత్తగారివంటి తల్లి యుండియుండును. మీటరు చూచువారు, ఆరోగ్యకార్యకర్తలు వచ్చినప్పుడు కార్డు చూపుమని యడుగుట తప్పు కాదు. నిజమైనవారు దానికి నొచ్చుకొనరు. నగలకు మెరుగు పెట్టెదమని వచ్చువారికి మాత్రము కిటికీ కూడ తెరువవలదు. నత్రికామ్లము ఒక పాలు, హైడ్రోక్లోరికామ్లము మూడు పాళ్లు కలిపిన ద్రావకములో బంగారము కరగును. గాజులు తళతళలాడుచు తిరిగి వచ్చును, తూకము మాత్రము వారి గిన్నెలో నుండును.

ఇక వలదనుట యెట్లు? మేము పలుమారులు తప్పుగా జెప్పి నేర్చుకొంటిమి. “ఇప్పుడు డబ్బు లేదు” అన్నచో వాయిదాలున్నవందురు. “ఇదివరకే యున్నది” అన్నచో పాతది తెండు, మార్చెదమందురు. కారణము చెప్పుట బేరము మొదలుపెట్టుటయే. అన్నిటిలో నికృష్టమైన జవాబు మనకు ముందుగా నోటికి వచ్చునది: “మావారు ఇంట లేరు.” ఈ మాటతో మన మొంటరిగా నున్నామని యపరిచితునికి తెలిపితిమి. అంతకంటె, ఈ యింట మన మాట చెల్లదని మన నోటనే యొప్పుకొంటిమి. సాయంకాలము మరల వచ్చెదనని అతడు సంతోషముగా వెడలును. చట్టము ఆ గడపను కాచుచున్నది లోపలనున్నవారి పక్షమున. మధ్యాహ్నము పండ్రెండున్నరకు లోపలనున్నది మనమే. “మాకు వద్దు” అనునది పూర్తి వాక్యము. దానికి తోక యక్కరలేదు. గ్రిల్లు తలుపు గొళ్లెము తీయకుండ చెప్పవలెను. ఇంకను కదలనిచో 112కు ఫోను చేసెదమని చెప్పవలెను, చేయవలెను. సరకు కొని మోసపోయినచో వినియోగదారుల సహాయమునకు 1915 అను సంఖ్య గలదు.

మేము 1915కు ఫోను చేసితిమి. చీటీలో చిరునామా లేకున్నను యంత్రముపై సంస్థ పేరున్నది. ఫిర్యాదు నమోదైనది. ఉత్తరములు, ఫోనులు రెండు నెలలు నడచిన పిమ్మట ఆ సంస్థవారు యంత్రము తీసికొనిపోయి 4,500 రూపాయలు తిరిగి యిచ్చిరి. తక్కిన 1,500 బిగించిన కూలి యనిరి. మావారు ఇంకను పోరాడుదమనిరి. అత్తగారు వలదనిరి. ఆమె కంటి శస్త్రచికిత్స కార్తీకము పోయి మాఘమునకు జరిగినది.

ఆ యువకులపై మాకు పగ లేదని చెప్పుకొనుట ధర్మము. అమ్మిన దానిపై కమీషను తప్ప జీతము లేనివారు, ఎండలో నూరు తలుపులు తట్టి తొంబదింట “వద్దు” వినువారు వారిలో నెందరో. తోపుడుబండిపై కూరలు తెచ్చు మన వీధివారి సంగతియు వేరు. 2014 నాటి వీథి వర్తకుల చట్టము వారి జీవనోపాధికి రక్షణ కల్పించినది, అది న్యాయమే. వారు వీధిలో కేకవేయుదురు. కావలసినవారము బయటికి పోదుము. అక్కరలేనివారము పోము, వారును తలుపు తట్టరు. వలదను హక్కు గలదని తిట్టు హక్కు గలదనుకొనరాదు. మా పొరుగునొకామె కుక్కను విడిచిపెట్టెదనని బెదరించును. అది మాకు సమ్మతము కాదు.

మొన్న ఫాల్గుణమున, రెండు గంటల యెండలో, పందొమ్మిదేండ్ల పిల్ల యొకతె డోరుమ్యాట్ల మూటతో వచ్చి బెల్లు మ్రోగించినది. మేము చేయి కడుగుకొని వచ్చు లోపల అత్తగారే లేచి, కొత్త కంటితో గ్రిల్లు గుండ పరికించి, “మాకు వద్దమ్మా,” అనిరి. ఆ పిల్ల మూట యెత్తుకొనబోయినది. “ఆగు, ఎండన పడి వచ్చావు, మంచినీళ్లు తాగి వెళ్లు,” అని గ్లాసును గ్రిల్లు సందున అందించిరి. ఆ పిల్ల గ్లాసెత్తి, ఒక్క నిమిషము సందేహించి, “ఫిల్టరు నీళ్లేనా మామ్మగారూ?” అని యడిగినది.

“కుళాయి నీళ్లే. మా అబ్బాయి మేకులేసి మరీ చూశాడు. తాగు,” అనిరి మా అత్తగారు.